నీళ్ళకో సీటు

మార్చి 2, సోమవారం

ఇందుమూలంగా ఈ రెండు గదుల కొంపలోని సమస్త వస్తుజాలానికి తెలియజేయడమేమనగా: నేటి నుంచి దువ్వెన అద్దం వెనకనే ఉండవలెను, కిటికీలో, మంచం కింద, నా జేబులో కనబడరాదు. పేస్టు ట్యూబును తోక దగ్గర నొక్కవలెనే గాని నడుము పట్టుకుని పిసకరాదు. మగ్గు బకెట్ అంచుకు వేలాడవలెను, లోపల మునిగి ఈతలు కొట్టరాదు. చెప్పులు జంటగా ఒకే దిక్కు చూడవలెను. అలిగినట్టు చెరో దిక్కు చూచిన యెడల రెండునూ వీధిలోకి గెంటబడును. ఇది ఇంటి యజమానురాలి ఆజ్ఞ. యజమాని వట్టి చాటింపు వేసేవాడు.

చాటింపు అయిపోయింది.

ఈ పుస్తకం నా చేత కొనిపించింది మా ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడించడానికి వచ్చే ఎక్సర్‌సైజుల అమ్మాయి. "అంకుల్, రోజూ ఏదో ఒకటి రాసుకోండి. లేకపోతే మీరూ మంచమెక్కుతారు" అంది. నేను జన్మలో రాసినవన్నీ షాపుల బోర్డులే. అడుగెత్తు అక్షరాలు. ఇంత చిన్నగా రాస్తుంటే చీమలకి ఉత్తరం రాస్తున్నట్టుంది. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి గనక నన్ను తొమ్మిది చదివినవాడి కిందే లెక్క వెయ్యాలి. తప్పులుంటే చీమలే దిద్దుకుంటాయి.

మా ఆవిడ బస్సు కండక్టరు. పోయినేడు వానల్లో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు పోయింది, చెయ్యి పోయింది, నోరు మాత్రం పోలేదు. దేవుడికి నా మీద ఆ మాత్రం కోపం ఉంది మరి. పైన రాసిన ఆజ్ఞలన్నీ ఆ నోటి నుంచి వచ్చినవే. అది చాలదన్నట్టు ఎడంచేత్తో మంచం ఇనప కడ్డీ మీద కొడుతుంది. బస్సులో గంట కొట్టే అలవాటు. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీ.

ఆవిడ బాగానే ఉంది.

మార్చి 5, గురువారం

మా వీధి చివర పల్లంలో ఉన్న ఖాళీ స్థలం పార్కు అవుతుందట. ఇన్నాళ్ళూ అది చిరిగిన పరుపులకీ పగిలిన కమోడ్లకీ వృద్ధాశ్రమం. 'పార్కు స్థలం. చెత్త వేయరాదు' అని బోర్డు రాయమన్నాడు మా వీధి సంఘం ప్రెసిడెంటు. రాశాను. కింద నా సొంత పైత్యంతో 'వేసిన వారి ఫొటో ఇచ్చట వేయబడును' అని ఒక చట్రం గీసి, అందులో మీసం ఒక్కటే వేశాను. ఎవరి మీసమని నేను చెప్పలేదు. వీధిలో అంత మీసం ఇంకెవరికీ లేకపోవడం నా తప్పా?

సాయంత్రం ప్రెసిడెంటు గారి కారు షెడ్డులో మీటింగు. పార్కు గీయడానికి వచ్చినామె చిన్నపిల్ల. గొడుగంత టోపీ, మోకాళ్ళ దాకా బురద. నేను పార్కమ్మ అని పేరు పెట్టాను. నన్ను "సార్" అంది. మా వీధిలో నన్ను సార్ అన్న మొదటి మనిషి గనక నా ఓటు ఆమెకే.

ఆమె చెప్పింది ఇది. ఆ స్థలం వీధికంటే పల్లం. దాన్ని పూడ్చవద్దు. ఇంకాస్త లోతు చేసి, గట్లు ఏటవాలుగా చెక్కి, గడ్డి వేద్దాం. పెద్ద వాన పడితే వీధిలో నీళ్ళన్నీ అందులోకి పోయి, మెల్లగా భూమిలోకి ఇంకుతాయి. వానల్లేని రోజుల్లో అదే పిల్లల ఆటస్థలం. చుట్టూ చెట్లు, ఎండాకాలం నీడ.

"పార్కు అడిగితే గుంట ఇస్తారా తల్లీ?" అన్నాడు ప్రెసిడెంటు. ఆయనకి అంతా పూడ్చి, ఎత్తు చేసి, టైల్సు పరిచి, ఒక స్టేజీ కట్టాలని ఉంది. స్టేజీ ఉంటే మైకు ఉంటుంది. మైకు ఉంటే ఆయన ఉంటాడు.

"దోమలొస్తాయి మేడం" అన్నాడు వీధి మొదట్లో షెడ్డున్న మెకానిక్కు.

"నీ షెడ్డులో టైర్లలో ఉన్నవి ఏంటిరా, హంసలా?" అన్నాను.

ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను. "పార్కు సరే, నన్ను తీసుకెళ్తావా? స్టాపు ఎక్కడో చెప్పు, దిగుతాను" అంది.

మార్చి 9, సోమవారం

ఎక్సర్‌సైజుల అమ్మాయి మళ్ళీ "ఆంటీ చేత 'ఆ' అనిపించండి అంకుల్, రోజూ కాసేపు" అంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను చెప్పినదానికి 'ఆ' అన్నది ఎప్పుడు గనక? 'పో' అంటుంది. అదే చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఈ కాలం పిల్లలకి హాస్యం లేదు.

ఆవిడ బాగానే ఉంది.

మార్చి 11, బుధవారం

పోయినేడు సంగతి ఒకసారి రాసేస్తే మళ్ళీ రాయక్కర్లేదు.

మధ్యాహ్నం ఆవిడ డ్యూటీ నుంచి తడుచుకుంటూ వచ్చింది. తల తుడుచుకుంటూ పడిపోయింది. వీధిలో నడుము లోతు నీళ్ళు. ఆస్పత్రి వ్యాను మెకానిక్కు షెడ్డు దగ్గర ఆగిపోయింది, లోపలికి రానన్నాడు డ్రైవరు. మా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మెకానిక్కు, వెనక నేను, పక్కన తల పట్టుకుని టైలరక్క. అక్క మా పక్కింటి ఆవిడ, జాకెట్లు కుడుతుంది. అలా ముగ్గురం నీళ్ళలో మోసుకుపోయాం. నీళ్ళ కింద గుంటలెక్కడో తెలియదు. దారంతా ఒక్కో అడుగూ తడుముకుంటూ. అంత కష్టంలోనూ మా ఆవిడ కుర్చీలో కూర్చుని "రైట్ రైట్, పోనియ్" అంది. మేం నవ్వుతూనే మోశాం.

"కాస్త ముందు తెచ్చుంటే" అన్నాడు డాక్టరు. కాస్త అంటే ఎంత అని నేను అడగలేదు.

రెండోసారి వస్తే ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దన్నాడు. అందుకే నాకు పార్కూ వద్దు, పువ్వులూ వద్దు. వానలో వ్యాను మా వాకిట్లోకి రావాలి. అంతే. అందుకు నీళ్ళు ఇంకెక్కడికన్నా పోవాలి. ఈ ముక్క మీటింగులో చెప్పాలని లేచాను. నోటికి హంసలొచ్చాయి.

మార్చి 15, ఆదివారం

ఈ రోజు కుర్చీల రోజు. మా వీధి చరిత్రలో ఇలాంటిది లేదు.

పార్కమ్మ ముందురోజే చెప్పింది: "ఎవరి కుర్చీ వాళ్ళు ఇంట్లోంచి తెచ్చుకోండి. మీకు పార్కులో ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడ వేసుకోండి. సాయంత్రం దాకా ఉండండి. నేను మీ కుర్చీలను చూసి పార్కు గీస్తాను." ఇదేం చదువో అనుకున్నాను. పొద్దున్నే చూస్తే వీధి వీధంతా కుర్చీలు నెత్తిన పెట్టుకుని ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు బయల్దేరింది. మడత కుర్చీలు, పేము కుర్చీలు, ఒక కాలు విరిగితే ఇటుక పెట్టుకున్న కుర్చీ, ఇటుకతో సహా. టైలరక్క మిషను ముందు స్టూలు. ప్రెసిడెంటు మాత్రం చక్రాల మీద తిరిగే ఆఫీసు కుర్చీ దొర్లించుకుంటూ వచ్చాడు. దాని వెనక ఆయన నడుస్తుంటే ఎవరినో ఆస్పత్రికి తీసుకెళ్తున్నట్టుంది.

పొద్దున అందరూ తూర్పున గోడౌను గోడ నీడలో వేసుకున్నారు. ఎండ ఎక్కేసరికి నీడ తరిగింది. కుర్చీలు గోడకి అతుక్కున్నాయి. ఆ తర్వాత గోడ కూడా చెయ్యిచ్చింది. అందరూ లేచి, పడమటి వైపు ఉన్న ఒకే ఒక్క చెట్టు కిందికి. ఎవరు ఎక్కడికి జరిగినా పార్కమ్మ ఆ కుర్చీ కాళ్ళ చుట్టూ సున్నంతో గుర్తు పెడుతోంది. సాయంత్రానికి గుర్తులన్నీ చీమల బారులా ఆ ఒక్క చెట్టు కిందికే పాకాయి.

"ఈ వైపంతా ఇలాంటి చెట్లే పెడదాం. మీరు మాటల్లో చెప్పలేదు గానీ కుర్చీలు చెప్పాయి" అంది.

నేను రెండు కుర్చీలు తెచ్చాను. నాది చెట్టు కింద వేసుకున్నాను. ఎర్రది మాత్రం తీసుకెళ్ళి, ఎవరూ అడుగుపెట్టని ఆ పల్లం నడిమధ్యన వేశాను. పొద్దుటి నుంచీ అదొక్కటే కదలలేదు.

"అది ఎవరిది సార్?" అంది పార్కమ్మ.

"మా ఆవిడ పంపింది. ఆవిడకి కాదు, నీళ్ళకి" అన్నాను.

"నీళ్ళకా?"

"కండక్టరమ్మ కదా. ఏమందో చెప్తా వినండి. 'నీళ్ళు కూడా ప్యాసింజర్లే. సీటిస్తే బుద్ధిగా కూర్చుంటాయి. ఇవ్వకపోతే ఫుట్‌బోర్డు మీద వేలాడి, మీ ఇళ్ళలోకి దూకుతాయి. ముందు వాటికో సీటు వెయ్యి' అంది. అందుకని తెచ్చి వేశాను."

వీధంతా గప్‌చిప్. మెకానిక్కు నేల చూపులు చూశాడు. టైలరక్క స్టూలు మీంచి లేచి, మళ్ళీ కూర్చుంది. నా మాటలకి ఇంత మంది నోళ్ళు ఒక్కసారి మూతబడటం నేనెన్నడూ చూడలేదు. ఆ మాటలో ఉన్న బలం అదీ.

పార్కమ్మ టోపీ తీసింది. "ఇంకోసారి చెప్పండి సార్, రాసుకుంటాను."

సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు "అదంతా కవిత్వం, గుంట గుంటే" అని లేచాడు. ఆయన లేవగానే కుర్చీ బయల్దేరింది. చెట్టు కింది నుంచి మెల్లగా, తర్వాత కాస్త జోరుగా, ఎవరూ తొయ్యకుండా దొర్లుకుంటూ పోయి పల్లంలో ఎర్ర కుర్చీ పక్కన ఆగింది. పక్కపక్కన రెండూ, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు.

"నీళ్ళు కూడా ఇలాగే వస్తాయి సార్" అంది పార్కమ్మ, ఆయనతో, మర్యాదగా.

కడుపుబ్బా నవ్వాం. ప్రెసిడెంటు కూడా.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి, "ఆ మీసాల కుర్చీ నుంచి టికెట్ వసూలు చేశావా?" అంది.

మార్చి 24, మంగళవారం

ఎండ. పైన రేకులు పెనంలా ఉన్నాయి. తడి దుప్పట్లు కట్టాను. ఆవిడ బాగానే ఉంది.

ఏప్రిల్ 6, సోమవారం

ప్రెసిడెంటు ఊరుకునే రకం కాదు. పల్లం పూడ్చడానికి ఎవరో పాత ఇల్లు పడగొట్టిన రాళ్ళు లారీలో తెప్పించాడు. ఒక లారీ దించేశారు కూడా. రెండోది దారిలో ఉందని మెకానిక్కు పరిగెత్తుకొచ్చి చెప్పాడు.

బ్రష్షు తీశాను. 'హెచ్చరిక: ఈ రాళ్ళలో పాము కనబడినది. జోడు పాము కొరకు ప్రెసిడెంటు గారి ఆజ్ఞపై వెదకబడుచున్నది.' బోర్డు పెట్టి, పక్కనే కర్ర పట్టుకుని చాలా విచారంగా నిలబడ్డాను. లారీ వాళ్ళు బోర్డు చదివారు, నన్ను చూశారు, లారీ వెనక్కి తిప్పారు.

ప్రెసిడెంటు మా గుమ్మంలోకే వచ్చాడు.

"ఏవయ్యా, బుద్ధుందా? ఈ వయసులో పాములాటలేంటి?"

"వయసు పాముకే తెలియాలి సార్. నేను దాని పళ్ళు లెక్కపెట్టలేదు."

"అందరూ నవ్వుతున్నారు కదా అని నువ్వేం చేసినా చెల్లుతుందనుకోకు. మీటింగు పెడితే చాలు, మా ఆవిడ ఇలా అంది, మా ఆవిడ అలా అంది! నీ పెళ్ళాం పేరు చెప్పుకుని ఎన్నాళ్ళు..."

ఆగిపోయాడు. లోపల మంచం కనిపిస్తోంది ఆయనకి. ఆవిడ ఆయన్నే చూస్తోంది. కడ్డీ మీద ఒక్కటి కొట్టింది. టంగ్.

ఆయన మీసం కిందికి జారినట్టయింది. "మంచినీళ్ళు ఇస్తావా?" అన్నాడు. తాగాడు. గ్లాసు కిందపెట్టి, "నేనడిగానని చెప్పు" అన్నాడు. నాలుగడుగుల దూరంలో ఆవిడ ఉంటే నాతో చెప్పమంటాడేంటి! మనిషికి తల తిరిగినట్టుంది. పాము దెబ్బ.

ఆయన వెళ్ళాక, "పాపం, పెద్దాయన్ని ఎందుకలా ఏడిపిస్తావ్?" అని ఆవిడ నన్ను తిట్టింది.

ఏప్రిల్ 12, ఆదివారం

మీటింగు. పల్లం పల్లంగానే ఉండాలని చెయ్యెత్తిన మొదటి మనిషి ప్రెసిడెంటు! "ఆ కండక్టరమ్మ మాట మీద" అన్నాడు. దించిన రాళ్ళు గట్టుకి వాడుకోమన్నాడు. నా పాము ఎంత పని చేసిందో చూడు.

మే 4, సోమవారం

పని మొదలైంది. పల్లం లోతు చేస్తున్నారు. వీధి అంచు కోసి, నీళ్ళు లోపలికి పోయే దోవ చేశారు.

పార్కమ్మ కాగితం పరిచి చూపించింది. మెట్లు లేకుండా వీధిలోంచి పల్లం దాకా ఒక వాలుదారి. "చక్రాల కుర్చీ సులువుగా దిగుతుంది. మొదట మీ ఆవిడే దిగాలి" అంది. నేను కాగితం మీదికి బాగా వంగి చూశాను. చూపు ఆనలేదు. ఎండకి.

ఆవిడకి చెప్తే, "టికెట్ అడగరు కదా?" అంది.

మే 7, గురువారం

రొట్టె పాలలో నానేసి పెడితే రెండు చెంచాలు తింది. కడ్డీ మీద ఒకటి కొట్టింది. సరే, ఆపాను.

మే 19, మంగళవారం

పార్కమ్మ చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. "ఒక్కసారి ఆవిణ్ణి చూసి వెళ్తాను సార్. ఆవిడ నోటితోనే వినాలని ఉంది. ఇంకా ఏం అనుకుంటున్నారో అడగాలి" అంది.

"ఇప్పుడు... ఆవిడ..." అన్నాను. నాకు! మాట తడబడటం!

లోపల ఆవిడకి తల దువ్వుతున్న టైలరక్క దువ్వెనతో సహా బయటికొచ్చింది. "అయ్యో, ఇందాకటిదాకా ఒకటే మాటలమ్మా. ఇప్పుడే కునుకు పట్టింది. లేపితే మా తమ్ముణ్ణి తిడుతుంది. ఇంకోసారి రా" అంది.

పార్కమ్మ వెళ్ళిపోయింది.

అక్క అలా ఎందుకందో నేను అడగలేదు. అక్కా చెప్పలేదు. దువ్వెన తీసుకెళ్ళి అద్దం వెనక పెట్టింది.

ఆవిడ బాగానే ఉంది. ఆవిడ బాగానే ఉంది.

మే 28, గురువారం

ఈ ఎండకి రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. పార్కులో మొక్కలు నాటారు. పడమటి వైపు, కుర్చీలు చెప్పిన చోట. ఒక్కోటి నా మోచెయ్యంత. వీటి నీడలో కూర్చోవాలంటే ఇప్పటికి ఒక్క వేలు కూర్చోగలదు. "ఎన్నేళ్ళకి పెరుగుతాయి?" అని అడిగాను. పార్కమ్మ చెప్పింది. నేను ఇంట్లో చెప్పలేదు.

జూన్ 10, బుధవారం

వాన. నిన్నటి నుంచీ.

వీధిలో నీళ్ళు నిలవలేదు! గుమ్మంలో నిలబడి చూశాను. మా ఇంటి ముందు నుంచి పాయగా పోతున్నాయి, తోవ తెలిసినట్టు, తొక్కిసలాట లేకుండా. గొడుగేసుకుని వెంట నడిచాను. కోసిన అంచులోంచి పార్కులోకి దిగి, పల్లంలో చేరి కూర్చున్నాయి. నిజంగానే కూర్చున్నాయి. వీధి జనమంతా గట్టు మీద గొడుగులతో. "బాబాయ్, సీట్లు నిండిపోతున్నాయి!" అని అరిచాడు మెకానిక్కు. వాడి షెడ్డులోకి చుక్క రాలేదు. ప్రెసిడెంటు గొడుగు నా వైపు కొంచెం వంచాడు.

పరిగెత్తుకుంటూ వచ్చి ఆవిడకి చెప్పాను. కడ్డీ మీద రెండు కొట్టింది. పోనీ.

జూన్ 11, గురువారం

వ్యాను వాకిట్లోకి వచ్చింది. వానలోనే. గుమ్మం దాకా. డ్రైవరు చెప్పులు కూడా తడవలేదు.

జూన్ 14, ఆదివారం



జూన్ 15, సోమవారం

దువ్వెన అద్దం వెనకే ఉంది.

జూన్ 27, శనివారం

"మంచి టైములో తెచ్చారు" అన్నాడు డాక్టరు. "మేం చెయ్యగలిగిందంతా చేశాం. ఆలస్యమేమీ కాలేదు."

పోయినేడు 'కాస్త ముందు తెచ్చుంటే' అన్నాడు. ఆ 'కాస్త' నాకు ఏడాదంతా తోడుంది. నీళ్ళని తిట్టుకున్నాను, వీధిని తిట్టుకున్నాను, వ్యాను వాణ్ణి తిట్టుకున్నాను. ఈసారి తిట్టడానికి ఎవరూ లేరు. వీధి పొడిగా ఉంది. వ్యాను వచ్చింది. అందరూ చెయ్యవలసింది చేశారు.

చెప్పులు నాలుగూ ఒకే దిక్కు చూస్తున్నాయి.

జూలై 6, సోమవారం

ప్రెసిడెంటు వచ్చాడు. పార్కుకి బోర్డు కావాలట. "పేరు గీరు వద్దయ్యా. ఆవిడన్న మాటే రాయి. అదే చాలు" అన్నాడు.

"స్టేజీ లేకపోయెనే సార్, బోర్డు మీద మీ మీసమన్నా వెయ్యనా?" అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నా జోకులకి ఇలాంటి గతి పట్టింది.

జూలై 19, ఆదివారం

బోర్డు పెట్టాం. నీలం మీద తెలుపు. 'నీళ్ళు కూడా ప్యాసింజర్లే. ముందు వాటికో సీటు వెయ్యి.' కింద 'కండక్టరమ్మ' అని. ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ గీత గియ్యలేదు. ఒక్క చోట కూడా రంగు కారలేదు.

పల్లంలో పోయిన వారం నీళ్ళు ఇంకిపోయి, అడుగున కాస్త తడి ఉంది. పిల్లలు అందులోనే బంతి ఆడుతున్నారు. ఎర్ర కుర్చీ వాలుదారి చివర ఉంది. ఎవరూ కూర్చోలేదు.

పార్కమ్మ బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. టోపీ చేతిలో పట్టుకుని, "ఒక్కసారైనా ఆవిడ గొంతు వినుంటే బాగుండేది" అంది.

అందరూ అక్కడే ఉన్నారు. ఎవరో ఒకరు చెప్పేస్తారనుకున్నాను.

"బస్సులో వెనక సీటు దాకా వినపడేది మేడం" అన్నాడు మెకానిక్కు.

"మీటింగుల్లో మీరూ విన్నారు కదమ్మా" అన్నాడు ప్రెసిడెంటు.

"మేమంతా మొన్నటిదాకా వింటూనే ఉన్నాం" అంది టైలరక్క. అని, చెంగుతో బోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

ముగ్గురిలో ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. అప్పుడు తెలిసింది. కుర్చీని నాతో మోసినవాడు మెకానిక్కు. తల పట్టుకున్నది అక్క. గుమ్మంలో నిలబడి చూసినవాడు ప్రెసిడెంటు. వీళ్ళకి తెలియకపోవడమేంటి? నేను వీధిని ఆట పట్టిస్తున్నాననుకున్నాను. వీధి వీధంతా టికెట్ తీసుకుని, ఎక్కడ దిగాలో తెలిసీ దిగకుండా, నాతో చివరి స్టాపు దాకా వచ్చింది.

ఇంటికొచ్చాను. ఈ పుస్తకం మొదటి నుంచీ చదివాను. గడుసుగానే ఉంది మనిషి. నవ్వొచ్చింది రెండు మూడు చోట్ల. వ్యానులో స్ట్రెచర్ కడ్డీ మీద ఎడంచేత్తో రెండు కొట్టింది, అది ఎక్కడా రాయలేదు నేను. రెండంటే పోనీ. ఆ దెబ్బలు నిజం. ఇక్కడ రాసిన గంటలన్నీ నిజం.

పోయినేడు వానలో ఆ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు 'రైట్ రైట్' అనలేదు. మూలిగింది. అన్నిటికన్నా ముందు పోయింది నోరే. ఆ రోజు నుంచి మా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దువ్వెన సంగతి గానీ, టికెట్ సంగతి గానీ, నీళ్ళ సంగతి గానీ ఆవిడ అనలేదు. అన్నీ నేనే కల్పించాను.